రేంజర్స్ ఈబీటీ కేసు: ట్రస్టు దారిలో వెళ్లినా జీతం జీతమే

స్కాట్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ గ్లాస్గో రేంజర్స్ తన ఆటగాళ్ల జీతంలో కొంత ట్రస్టు ద్వారా అప్పుగా ఇచ్చింది. ఆ పన్ను వ్యవహారం గురించి ఎవరిని అడిగినా "ట్రస్టు స్కీమ్ కేసు ఓడిపోయింది, అందుకే క్లబ్ మునిగింది" అంటారు. తేదీలు ఆ మాటను ఒప్పుకోవు. క్లబ్బును నడిపిన కంపెనీ 2012 ఫిబ్రవరి 14న అడ్మినిస్ట్రేషన్‌లోకి (కంపెనీని కాపాడే ప్రయత్నంగా బయటి నిపుణుల చేతికి అప్పగించడం), అదే ఏడాది అక్టోబర్ 31న లిక్విడేషన్‌లోకి (ఆస్తులు అమ్మి కంపెనీని మూసేయడం) వెళ్లింది. ట్రస్టు కేసులో ట్రిబ్యునల్ మొదటి తీర్పు బయటికి వచ్చింది నవంబర్ 20న, అదీ కంపెనీకి అనుకూలంగా. గెలుపు కబురు వచ్చేనాటికి కంపెనీ లిక్విడేటర్ చేతిలో ఉంది. ఓటమి ఖాయమైంది ఆ తర్వాత ఐదేళ్లకు, 2017 జూలై 5న, యూకే సుప్రీంకోర్టులో.

కాబట్టి ఈ కేసులో రెండు ప్రశ్నలున్నాయి. స్కీమ్ చట్టం ముందు ఎందుకు నిలవలేదన్నది ఒకటి. తేలని పన్ను డిమాండ్ ఒకటి నెత్తిన వేలాడితే క్లబ్ ఏమవుతుందన్నది రెండోది. పన్ను సలహాదారులు మొదటిదే చదువుతారు. క్లబ్ కొనేవాళ్లకు, అప్పిచ్చేవాళ్లకు రెండోది ముఖ్యం.

స్కీమ్ ఎలా నడిచింది

డేవిడ్ మర్రీ 1988లో రేంజర్స్‌ను కొన్నాడు. 1990ల చివరికి క్లబ్ ఖర్చు తారస్థాయిలో ఉంది. 2000లో చెల్సీ నుంచి టోరే ఆండ్రే ఫ్లో కోసం 1.2 కోట్ల పౌండ్లు పెట్టడం ఆ కాలపు సంగతే. స్కాటిష్ లీగ్ టీవీ ఆదాయం ఇంగ్లండ్ లీగ్ ఆదాయంలో చిన్న ముక్క. ఆటగాళ్లు మాత్రం ఇంగ్లండ్ జీతాలతో పోల్చుకుని, అదీ చేతికొచ్చే నెట్ మొత్తంలో బేరమాడేవాళ్లు. ఆ తేడాను పన్నులో మిగుల్చుకుని పూడ్చాలనుకోవడమే స్కీమ్‌కు మూలం.

2001లో మర్రీ గ్రూప్ ఒక ఉద్యోగుల ట్రస్టు పెట్టింది. ఎంప్లాయీ బెనిఫిట్ ట్రస్ట్, పొట్టిగా ఈబీటీ. ట్రస్టీ జెర్సీ దీవిలోని కంపెనీ. డబ్బు నడిచిన వరస ఇది:

1. ఏజెంటుతో నెట్ జీతం కుదురుతుంది. అందులో కొంత మామూలు కాంట్రాక్టులో జీతంగా, మిగతాది ట్రస్టు భాగంగా విడగొడతారు.
2. క్లబ్ ఆ ట్రస్టు భాగాన్ని ప్రధాన ట్రస్టుకు కడుతుంది. ఫలానా ఆటగాడి పేర ఉప ట్రస్టు పెట్టమని ట్రస్టీకి సిఫార్సు చేస్తుంది. ఆదేశం కాదు, సిఫార్సు. కాగితం మీద విచక్షణ ట్రస్టీదే.
3. ట్రస్టీ ఉప ట్రస్టు పెడుతుంది. లబ్ధిదారులు ఆటగాడి కుటుంబ సభ్యులు. ఆటగాడు ప్రొటెక్టర్. అంటే లబ్ధిదారులను మార్చే అధికారం అతనిదే.
4. ఆటగాడు అప్పుకు దరఖాస్తు పెడతాడు. ఉప ట్రస్టులో పడిన మొత్తమంతా అప్పుగా అతని చేతికి వస్తుంది. గడువు పదేళ్లు, పొడిగించుకోవచ్చు.
5. అప్పు తీరేది అతను పోయాక ఎస్టేట్ (అతను వదిలి వెళ్లిన ఆస్తి) నుంచి అన్నది లెక్క. పైగా అది ఎస్టేట్ మీద బాకీ కాబట్టి వారసత్వ పన్ను కూడా తగ్గుతుంది.

రెండో మెట్టు, మూడో మెట్టు మధ్య ట్రస్టీ కాదన్న సందర్భం ఒక్కటీ లేదు. కోర్టులో ఈ సంగతికి ఎంత బరువు ఇవ్వాలన్నదే తర్వాత అసలు వాదం అయింది.

2001 నుంచి 2010 దాకా రేంజర్స్ ఈ ట్రస్టుకు కట్టింది సుమారు 4.76 కోట్ల పౌండ్లు. ఆటగాళ్లే కాదు, క్లబ్ అధికారులూ, గ్రూపులోని ఇతర కంపెనీల ఎగ్జిక్యూటివ్‌లూ ఇందులో ఉన్నారు. అధికారుల విషయంలో ట్రస్టుకు వెళ్లింది ఎక్కువగా బోనస్.

లెక్క

ఆశ ఎంత పెద్దదో అంకెల్లో చూద్దాం. 2003 ఏప్రిల్ తర్వాతి రేట్లు తీసుకుంటున్నాను: పై స్లాబు ఆదాయపు పన్ను 40 శాతం, ఉద్యోగి నేషనల్ ఇన్సూరెన్స్ (జీతం మీద కట్టే సామాజిక భద్రత చందా) పై పరిమితి దాటాక 1 శాతం, యజమాని నేషనల్ ఇన్సూరెన్స్ 12.8 శాతం. మామూలు జీతంతోనే ఆటగాడు పై స్లాబులోకి వచ్చేశాడు కనుక అదనంగా ఇచ్చే ప్రతి పౌండుకూ ఈ రేట్లే వర్తిస్తాయి.

ఆటగాడికి అదనంగా 10 లక్షల పౌండ్లు నెట్ కావాలి. జీతంగా ఇస్తే గ్రాస్ 16,94,915. దాని మీద యజమాని వాటా 2,16,949. క్లబ్ జేబులోంచి పోయేది మొత్తం 19,11,864. ట్రస్టు దారిలో అయితే 10 లక్షలు, ప్లస్ ట్రస్టీ ఫీజు. ఒక్క ఆటగాడి మీద ఏడాదికి మిగులు 9 లక్షల పైచిలుకు.

అయితే ఆ మిగులు క్లబ్ దగ్గర ఉండలేదు. అదే డబ్బుతో ఇంకో ఆటగాడిని తెచ్చారు, లేదా ఇదే ఆటగాడికి ఎక్కువ ఇచ్చారు. రేపు డిమాండ్ వస్తే కట్టడానికి పక్కన పెట్టింది ఏమీ లేదు. ట్రస్టుకు కట్టిన 10 లక్షలే జీతమని తేలిందనుకోండి: పన్ను 4 లక్షలు, ఉద్యోగి వాటా 10 వేలు, యజమాని వాటా 1.28 లక్షలు, కలిపి 5.38 లక్షలు. వడ్డీ వేరే. ఆటగాడు ఈలోగా వేరే దేశంలో వేరే క్లబ్బుకు ఆడుతుంటాడు. డిమాండ్ వచ్చేది యజమాని మీదికి, ఎందుకంటే మూలంలో కోయాల్సిన బాధ్యత యజమానిది. మన టీడీఎస్‌లో డిడక్టర్‌ను డిఫాల్టర్‌గా పట్టుకున్నట్టే.

కార్పొరేషన్ పన్ను, అంటే కంపెనీ లాభాల మీద పన్ను, సంగతి ఇక్కడే చెప్పేయాలి. 2003 ఫైనాన్స్ చట్టం షెడ్యూల్ 24 ఈబీటీలకు ఒక అడ్డుకట్ట వేసింది: ఉద్యోగి చేతిలో పన్ను పడే ప్రయోజనం వచ్చేదాకా యజమానికి ఖర్చుగా మినహాయింపు లేదు. లాభాలు వచ్చే కంపెనీకి ఇది గట్టి దెబ్బ. 40 శాతం తప్పించుకోవడానికి 30 శాతం మినహాయింపు వదులుకోవాలి. నష్టాల్లో ఉన్న ఫుట్‌బాల్ క్లబ్బుకు మినహాయింపు దొరికినా దొరక్కపోయినా కట్టే కార్పొరేషన్ పన్ను సున్నానే. అందువల్ల చాలామంది వ్యాపారులను ఆపిన నిబంధన క్లబ్బులను ఆపలేకపోయింది. ఫుట్‌బాల్‌లో ఈ స్కీములు ఎందుకు అంతకాలం బతికాయంటే నాకు కనిపించే కారణం ఇదే.

సైడ్ లెటర్

ఈ ఫైలులో అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సిన కాగితం సైడ్ లెటర్. కాంట్రాక్టుతో పాటే, అదే బేరంలో భాగంగా క్లబ్ ఆటగాడికిచ్చిన ఉత్తరం. ట్రస్టుకు ఇంత మొత్తం, ఈ తేదీల్లో కడతాం, నీ పేర ఉప ట్రస్టుకు సిఫార్సు చేస్తాం అని హామీ. ట్రస్టీ విచక్షణ గురించి డీడ్‌లో ఎన్ని పేజీలున్నా, డబ్బు దేనికోసం కదిలిందో ఈ ఉత్తరం చెప్పేస్తుంది. ఆటకు ప్రతిఫలంగా.

దీన్ని లీగ్‌కూ, స్కాటిష్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కూ చూపలేదు. ఆటగాడికిచ్చే చెల్లింపులన్నీ రిజిస్టర్ చేసిన కాంట్రాక్టులో ఉండాలన్నది లీగ్ నిబంధన. ఇరకాటం ఇక్కడే ఉంది. ఉత్తరాన్ని రిజిస్టర్ చేస్తే పన్ను శాఖ ముందు "ఇది జీతం" అని తామే ఒప్పుకున్నట్టవుతుంది. చేయకపోతే లీగ్ నిబంధన తప్పినట్టు. ఒక ఆఫీసుకు చూపితే ఇంకో ఆఫీసులో దొరికిపోయే కాగితం మీద నిలబడిన ప్లానింగ్ పనికిరాదని నేను క్లయింట్లకు మొదటి మీటింగులోనే చెబుతాను. లార్డ్ నిమ్మో స్మిత్ అధ్యక్షతన లీగ్ వేసిన కమిషన్ 2013 ఫిబ్రవరిలో ఈ దాపరికానికి 2,50,000 పౌండ్ల జరిమానా వేసింది. రిజిస్ట్రేషన్లు అప్పట్లో రద్దు కాలేదు కనుక ఆటగాళ్లు అర్హులేనంది. టైటిళ్లు పోలేదు.

నాలుగు మెట్ల వ్యాజ్యం

పన్ను శాఖ హెచ్‌ఎంఆర్‌సీ 2001-02 నుంచి 2008-09 వరకు ఏళ్లకు డిమాండ్లు వేసింది. మొదటి ట్రిబ్యునల్‌లో ఇద్దరు సభ్యులు కంపెనీ వైపు, ఒకరు శాఖ వైపు. మెజారిటీ వాదం వినడానికి పటిష్ఠంగానే ఉంటుంది: ట్రస్టులు బూటకం కావు, అప్పులు నిజమైన అప్పులు, డబ్బు ఆటగాడి పూర్తి అధీనంలోకి ఏనాడూ రాలేదు, కాబట్టి అతను జీతం "పొందలేదు". 1979 నాటి గార్ఫోర్త్ కేసు, తర్వాత డెక్స్‌ట్రా, సెంప్రా మెటల్స్ విషయంలో స్పెషల్ కమిషనర్ల (అప్పట్లో పన్ను అప్పీళ్లు వినేవాళ్లు) నిర్ణయాలు దీనికి దన్ను. 2014 జూలైలో అప్పర్ ట్రిబ్యునల్‌లో లార్డ్ డోహర్టీ కూడా ప్రధాన అంశంలో దీన్ని కదిలించలేదు.

2015 నవంబర్ 4న ఎడిన్‌బరోలోని కోర్ట్ ఆఫ్ సెషన్ ఇన్నర్ హౌస్ (స్కాట్లండ్ పై కోర్టులో అప్పీళ్ల విభాగం) ఆ తీర్పును తిరగేసింది. శాఖ అక్కడ వాదన రూటు మార్చింది. అప్పు నిజమైందా, ట్రస్టు నిజమైందా అన్న చర్చను వదిలేసి, అంతకు ముందు మెట్టు దగ్గర నిలబడింది. క్లబ్ ట్రస్టుకు చెల్లించిన క్షణంలో ఆ డబ్బు ఏమిటి? పనికి ప్రతిఫలమైతే అక్కడే పన్ను. ఆ తర్వాత అది అప్పయినా, కానుకయినా, పెట్టుబడయినా దాన్ని వాడుకున్న తీరు మాత్రమే.

సుప్రీంకోర్టులో లార్డ్ హాడ్జ్ ఐదుగురు న్యాయమూర్తుల తరఫున రాసిన తీర్పు దీన్నే ఖాయం చేసింది. జీతం మీద పన్ను పడాలంటే ఉద్యోగే స్వయంగా అందుకోవాలని చట్టంలో ఎక్కడా లేదు. మూడో వ్యక్తికి కట్టినా, పనికి ప్రతిఫలంగా కట్టింది జీతమే. ట్రస్టీ సిఫార్సును పాటించకపోవచ్చన్న రిస్కును ఆటగాడు తెలిసి ఒప్పుకున్నాడు. ఆ రిస్కు ఉన్నంత మాత్రాన చెల్లింపు స్వభావం మారదు. ఎగ్జిక్యూటివ్‌ల బోనస్‌కు ముందస్తు హామీ లేకపోయినా, ఇచ్చింది చేసిన పనికే కనుక అదీ జీతమే. డెక్స్‌ట్రా, సెంప్రా నిర్ణయాలు తప్పు దారిలో వెళ్లాయని తేల్చేసింది.

హడావుడిగా చదివితే ఒక పొరపాటు జరుగుతుంది. యజమాని మూడో వ్యక్తికి కట్టే ప్రతి రూపాయీ జీతమేనని కోర్టు అనలేదు. ప్రత్యేక నిబంధనల కింద పన్ను పడే సౌకర్యాలను, ఉద్యోగికి ఏదో మేలు కలిగించడానికి యజమాని పెట్టే ఖర్చును, ఉద్యోగికి వెంటనే హక్కు రాకుండా భవిష్యత్తులో షరతుల మీద మాత్రమే వచ్చే చెల్లింపును పక్కన పెట్టింది.

ఈ చివరిది మన చట్టం చదివినవాళ్లకు కొత్త కాదు. 1964లో మన సుప్రీంకోర్టు ఎల్.డబ్ల్యు. రస్సెల్ కేసులో చెప్పిందీ అదే. కోళికోడ్‌లోని ఒక సహకార హోల్‌సేల్ సంస్థ తన ఉద్యోగి పేర డిఫర్డ్ యాన్యుటీ (తర్వాతి కాలంలో మొదలయ్యే పెన్షన్ లాంటి చెల్లింపు) కోసం ట్రస్టుకు కట్టింది. ఉద్యోగికి అప్పటికి ఖాయమైన హక్కు లేదు, షరతులు నెరవేరితే వచ్చే ఆశ మాత్రమే, కనుక ఆ ఏడాది అతని చేతిలో పన్ను లేదంది కోర్టు. రేంజర్స్ ఆటగాడి పరిస్థితి వేరు: బేరం అతనిది, ప్రొటెక్టర్ అధికారం అతనిది, మొత్తం డబ్బు అప్పు రూపంలో చేతిలో ఉంది. 1960 నాటి సితల్‌దాస్ తీరథ్‌దాస్ కేసులో మన సుప్రీంకోర్టు గీసిన విభజన గీత కూడా ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. ఆదాయం తనదిగా మారకముందే వేరొకరి హక్కుతో పక్కకు మళ్లితే ఒక లెక్క, తనదైన ఆదాయాన్ని తన ఇష్టప్రకారం వేరే చోటికి పంపితే ఇంకో లెక్క.

క్లబ్ ఎలా పోయింది

ఇప్పుడు రెండో ప్రశ్న. ట్రస్టు కేసు వేలాడుతుండగా క్లబ్బును ఎవరికైనా అమ్మాలి. తీర్పు ఎటు వచ్చేదీ తెలియదు, వస్తే ఎన్ని కోట్లో తెలియదు. కొనేవాడి లెక్కలో ఇలాంటి బాకీ అంకె కాదు, గొయ్యి. 2011 మే 6న మర్రీ తన 85 శాతం వాటాను క్రెయిగ్ వైట్‌కు ఒక్క పౌండుకు అమ్మాడు. లాయిడ్స్ బ్యాంకుకున్న సుమారు 1.8 కోట్ల పౌండ్ల అప్పు తీర్చడం షరతు. ఆ డబ్బు వచ్చింది రాబోయే సీజన్ల టికెట్లను టికెటస్ అనే సంస్థకు ముందే అమ్ముకుని, సుమారు 2.4 కోట్ల పౌండ్లు. (ఈ కొనుగోలు మీద నడిచిన మోసం కేసులో వైట్ 2017 జూన్‌లో నిర్దోషిగా బయటపడ్డాడు.)

ఫుట్‌బాల్ క్లబ్ నగదు ఏడాది పొడవునా సమంగా రాదు. సీజన్ టికెట్ల డబ్బు వేసవిలో ఒక్కసారిగా వచ్చి పడుతుంది. ఆ డబ్బుతోనే చలికాలం జీతాలు గడవాలి. రాబోయే ఏళ్ల వేసవులను అమ్మేసి పాత బ్యాంకు అప్పు తీరిస్తే నెలవారీ జీతాలకు మిగిలేది యూరప్ పోటీల ఆదాయం. 2011 ఆగస్టులో రేంజర్స్ యూరప్ అర్హత మ్యాచ్‌ల్లోనే బయటికొచ్చేసింది. ఆ నెలలోనే ఇంకో పాత పన్ను బాకీ కోసం షెరిఫ్ అధికారులు (కోర్టు తరఫున బాకీ వసూలు చేసేవాళ్లు) క్లబ్ సొంత మైదానం ఐబ్రాక్స్ స్టేడియానికి వచ్చారు. ఇది ట్రస్టు కేసు కాదు. 1999-2003 మధ్య ఫ్లో, రొనాల్డ్ డి బోయర్ వంటివాళ్లకు వాడిన డిస్కౌంటెడ్ ఆప్షన్ స్కీమ్ (జీతంలో కొంత షేర్ల ఆప్షన్ల రూపంలో ఇచ్చే పథకం) తాలూకు సుమారు 28 లక్షల పౌండ్ల బాకీ. స్కాట్లండ్ పత్రికలు దీన్ని చిన్న పన్ను కేసనీ, ట్రస్టుదాన్ని పెద్ద పన్ను కేసనీ అనేవి.

అసలు దెబ్బ మూడోది, అన్నిటికంటే సాదాసీదాది. కొత్త యాజమాన్యం వచ్చాక జీతాల నుంచి కోసిన పన్నూ, వసూలు చేసిన వ్యాటూ శాఖకు కట్టలేదు. సుమారు 90 లక్షల పౌండ్లు. స్కీములూ లేవు, వ్యాఖ్యానాలూ లేవు, కట్టాల్సింది కట్టకపోవడమే. 2012 ఫిబ్రవరిలో అడ్మినిస్ట్రేషన్‌కు వెళ్లడానికి తక్షణ కారణం ఇదే. లీగ్ పది పాయింట్లు కోసింది.

బయటపడాలంటే రుణదాతలతో రాజీ ఒప్పందం, సీవీఏ, కావాలి. ఓటేసినవాళ్లలో విలువ ప్రకారం 75 శాతం ఒప్పుకోవాలి. 25 శాతం మించి బాకీ ఉన్న ఒక్క రుణదాత కాదంటే అంతే. హెచ్‌ఎంఆర్‌సీ కాదంది. 2012 జూన్ 14 నాటి మీటింగులో ప్రతిపాదన పడిపోయింది. చార్లెస్ గ్రీన్ బృందం ఆస్తులను, వ్యాపారాన్ని 55 లక్షల పౌండ్లకు కొత్త కంపెనీలోకి కొనుక్కుంది. పాత కంపెనీ, బాకీలు వెనక మిగిలాయి.

ఆస్తుల కొనుగోలులో ఒక చిల్లు ఉంది, క్లబ్ లావాదేవీలు చూసేవాళ్లు గుర్తుంచుకోవాలి. బ్రిటన్ చట్టం ప్రకారం వ్యాపారం చేతులు మారితే ఉద్యోగులు కొత్త యజమానికి బదిలీ అవుతారు. కానీ బదిలీ వద్దనే హక్కు వాళ్లకుంది. వద్దంటే కాంట్రాక్టు అక్కడితో ముగుస్తుంది. స్టీవెన్ నైస్మిత్ ఎవర్టన్‌కు, స్టీవెన్ విటేకర్ నారిచ్‌కు అలాగే వెళ్లారు. ఆటగాళ్ల రిజిస్ట్రేషన్లే ప్రధాన ఆస్తి అయిన వ్యాపారంలో కొన్న మర్నాడే ఆస్తి తలుపు తీసుకుని నడిచి వెళ్లిపోవచ్చన్నమాట. పై లీగ్‌లోకి కొత్త కంపెనీకి ప్రవేశం దొరకలేదు. జూలై 13న కింది లీగ్ క్లబ్బులు 30లో 25 ఓట్లతో నాలుగో స్థాయిలో చేర్చుకున్నాయి. మళ్లీ పై స్థాయికి రావడానికి 2016 దాకా పట్టింది.

తర్వాత మారింది

2010 డిసెంబర్ 9 నుంచే మూడో పక్షం ద్వారా ఇచ్చే ఇలాంటి అప్పులను జీతంగా పట్టే నిబంధనలు వచ్చాయి, ఉద్యోగ ఆదాయం, పెన్షన్ల మీద పన్నుకు సంబంధించిన 2003 చట్టంలో (పైన చెప్పిన ఫైనాన్స్ చట్టం కాదు) 7ఏ భాగంగా. కాబట్టి రేంజర్స్ తీర్పు బరువు ఎక్కువగా అంతకు ముందటి ఏళ్ల మీద. శాఖ ఆ తీర్పును చూపి ఇతర ఈబీటీ యజమానులకు ఫాలోయర్ నోటీసులు (తేలిపోయిన తీర్పు ప్రకారమే మీ వివాదమూ తేల్చుకోండన్న నోటీసులు) పంపింది. రెండో మార్పు దివాలా వరసలో. 2003లో శాఖ తన ప్రాధాన్య రుణదాత హోదాను, అంటే దివాలాలో ఇతరులకంటే ముందు డబ్బు పొందే హక్కును, పోగొట్టుకుంది. అందుకే రేంజర్స్ సమయానికి అది మామూలు రుణదాత, ఓటే దాని ఆయుధం. 2020 డిసెంబర్ 1 నుంచి వ్యాట్‌కూ, జీతాల నుంచి కోసిన పన్నుకూ ప్రాధాన్యం తిరిగి వచ్చింది. ఫ్లోటింగ్ చార్జీ (మారుతుండే వ్యాపార ఆస్తుల మీద తనఖా) పెట్టించుకుని అప్పిచ్చే బ్యాంకులు ఇప్పుడు క్లబ్బుల నెలవారీ పన్ను చలానాలు అడిగేది అందుకే.

క్లబ్ ఫైలు చేతికొస్తే ఏం చూడాలి

ఆటగాడొక్కరికి నాలుగు కాగితాలు పక్కపక్కన పెట్టండి: రిజిస్టర్ చేసిన కాంట్రాక్టు, పేరోల్, ఏజెంటుతో నడిచిన మెయిళ్లు, మూడో పక్షానికి వెళ్లిన చెల్లింపుల లెడ్జర్. మెయిళ్లలో కుదిరిన నెట్ మొత్తం, పేరోల్ నెట్ మొత్తం కలవకపోతే తేడా ఎక్కడికి పోయిందో అడగండి. ట్రస్టయినా, ఇమేజ్ హక్కుల (ఆటగాడి పేరు, ఫొటో వాడుకునే హక్కులు) కంపెనీ అయినా ప్రశ్న ఒకటే. ఇమేజ్ హక్కులైతే ఆ ఫొటోలు, పేరు వాడి క్లబ్ నిజంగా ఎంత అమ్మిందో లెక్క ఉండాలి.

తేదీలు విడిగా రాసుకోండి. క్లబ్ చెల్లించిన రోజు, ఉప ట్రస్టు పెట్టిన రోజు, అప్పు చేతికొచ్చిన రోజు. మధ్యలో ట్రస్టీ నిజంగా ఏమైనా ఆలోచించినట్టు మినిట్స్ ఉన్నాయా, ఎప్పుడైనా కాదన్నారా? ఇండియాలో నెట్ జీతం మీద విదేశీ ఆటగాడిని తెచ్చే క్లబ్బులకు పని ఇంకా తేలిక: యజమాని భరించే పన్నును కూడా కలిపి గ్రాసప్ చేసి టీడీఎస్ కోశారో లేదో చూస్తే చాలు. ఫైళ్లలో తరచూ కనిపించే తప్పు, నెట్ మొత్తం మీదే రేటు వేసి కోయడం.

కొనుగోలు ఒప్పందంలో పన్ను ఇండెమ్నిటీ (పాత పన్ను బాకీ వస్తే అమ్మేవాడే భరిస్తానన్న హామీ) కాలపరిమితిని శాఖ వెనక్కి వెళ్లగలిగే ఏళ్లతో సరిచూడండి. బ్రిటన్‌లో మామూలుగా 4 ఏళ్లు, అజాగ్రత్త ఉంటే 6, కావాలని చేసిందైతే 20. రెండేళ్ల వారెంటీ రాయించుకుని సంతోషపడే కొనుగోలుదారు మూడో ఏడాది వచ్చిన నోటీసును తన జేబులోంచే కట్టుకోవాలి. అమ్మేవాడు ఆ నాటికి ఖాళీ హోల్డింగ్ కంపెనీ అయ్యుండొచ్చు కూడా, అందుకని ధరలో కొంత ఎస్క్రోలో (మూడో వ్యక్తి దగ్గర డిపాజిట్‌గా) ఉంచడం మంచిది. వివాదం అప్పటికే నడుస్తుంటే మాత్రం వారెంటీ సరిపోదు. తెలిసిన సంగతిని వారెంటీ కాపాడదు, దానికి పేరు పెట్టి ప్రత్యేకంగా ఇండెమ్నిటీ రాయించుకోవాలి.